వేడెక్కేదాకా

"పెట్రోల్లో ఆయిల్ కలపడం అన్నయ్య మర్చిపోయాడంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు వదినా," అన్నాడు మరిది, బాగుచేయించిన రేసు బండి ఎక్కుతూ. "నడి రేసులో ఇంజను పట్టేసి ప్రాణం పోయేంత మతిమరుపా?"

"ఈసారి కొత్త డబ్బా తెచ్చి నేనే కలిపి పోశాలే," అంది వదిన. "కిక్కు మెల్లగా నొక్కు. గట్టిగా తగిలాక కాలు మొత్తం దించి ఒక్కసారే తన్ను. రేజ్ ఇవ్వకు."

ఒక్క తన్నుకే బండి అందుకుంది.

"ఆగు. వేడెక్కేదాకా కదలకు. తొందరపడితే ఇక్కడే ఆగిపోతుంది."

అతను బుద్ధిగా ఆగాడు. తర్వాత చెయ్యూపి, దుమ్ము రేపుకుంటూ రేసు మైదానం వైపు వెళ్లిపోయాడు.

ఆమె షెడ్డులోకి వెళ్లి, సీలైనా తియ్యని ఆ ఆయిల్ డబ్బాను అరలో వెనక్కి నెట్టింది.

బండి ఎక్కడ వాకిట్లోనే ఆగిపోతుందోనని అప్పటిదాకా ఆమెకు భయంగానే ఉంది.