పాత పార్టు చూపించండి

"పాత పార్టు నా చేతిలో పెట్టండి. చూశాకే బండి తీసుకెళ్తా."

"కొత్తది బిగించేశాం కదా సార్! కంపెనీ ఉచితంగా మార్చింది. ఇంకా పాతదాంతో మీకేం పని?" అన్నాడు సర్వీస్ సెంటర్ సూపర్‌వైజరు.

"మార్చారని నమ్మకమేంటి? పాతదాన్నే తుడిచి మళ్లీ బిగించారేమో! ఆ పువ్వులు ఇంకెవరి చెవిలోనైనా పెట్టండి."

పక్క కుర్చీలో కాళ్లూపుతున్న ఆరేళ్ల కూతురు కిసుక్కున నవ్వింది. నాన్న ఎక్కడికెళ్లినా ఇంతే. కూరగాయల కొట్లో వంకాయను కూడా జేబులోంచి భూతద్దం తీసి మరీ చూస్తాడు. అందుకే వీధివీధంతా ఆయన్ని 'భూతద్దం' అంటారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వమే.

ఆ భూతద్దం ఫ్యాక్టరీలోది. ఏవో చిన్న చిన్న సామాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పదహారేళ్లుగా ఆయనది తనిఖీ పని. ట్రేలో వచ్చిన ప్రతి సామానునూ పరీక్షించి, బాగుంటే ఆకుపచ్చ సిరాతో గుండ్రటి ముద్ర వేయాలి. తనిఖీ చేసేవాళ్లకు ఒక్కొక్కరికీ ఒక్కో నంబరు. ఈయనది ఇరవై మూడు. గంట కొట్టే వేళకు ఆఖరి ట్రే మీద టకటకా ముద్రలు వేసేయడంలో ఆ చేతివేగం చూసి తీరాల్సిందేనని తోటివాళ్లంటారు. ఆ తర్వాత సరుకు ఎక్కడికి వెళ్తుందో, దేనికి బిగిస్తారో ఆయనకు పట్టదు. ఆదివారం పొద్దున కూతురికి తల దువ్వాక ఆ పిల్ల చేతి మీద కూడా ఓ ముద్ర కొట్టి "పాస్!" అంటాడు. అది చెరిగిపోతుందని పిల్ల వారమంతా ఆ చేతిని భయంభయంగా కడుక్కుంటుంది.

సూపర్‌వైజరు మీద మాత్రం ఆయనకు నమ్మకం ఏనాడో పోయింది. పోదా మరి? ఏడు నెలల క్రితం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. డ్యాష్‌బోర్డు కింద వైర్లన్నీ కలిసే పెట్టెలో లోపముందని, ఉచితంగా మారుస్తామని. అప్పటినుంచి కాళ్లరిగేలా తిరిగాడు. ఎప్పుడెళ్లినా ఒకటే పాట, "పార్టు రాలేదు సార్, రేపు రండి." ఇంట్లో ఆ మనిషికి 'రేపుగారు' అని పేరు కూడా పెట్టేశారు.

పోయిన నెల భయపడినంతా అయింది. నర్సుగా పనిచేసే భార్య పిల్లను బడినుంచి తీసుకొస్తుంటే సిగ్నల్ దగ్గర కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు కిందనుంచి పొగ. కరెంటు తాళాలు కదా, ఒక్క తలుపూ తెరుచుకోలేదు, ఒక్క అద్దమూ దిగలేదు. ఎవరో పుణ్యాత్ముడు రాయితో అద్దం పగలగొట్టి ఇద్దర్నీ బయటికి లాగాడు. పిల్ల మోచేతి మీద గాజు గాటు ఇంకా మానలేదు. కారు పేరెత్తితే చాలు, తల్లి కొంగు వదలదు. నిన్న మాత్రం ఒక మాటంది.

"నువ్వు చూసి పాస్ చేస్తే ఎక్కుతా నాన్నా."

అందుకే సెలవు ఇవ్వనంటున్న ఆఫీసరును బతిమాలి మరీ వచ్చాడు.

"అసలు ఒక్క పెట్టెకి ఏడు నెలలేంటండీ?" కౌంటరు మీద చరిచాడు.

"ఆ పెట్టెలు చేసేది మా కంపెనీ కాదు సార్. వేరే ఫ్యాక్టరీ. అక్కడెవరో పరీక్షించకుండానే పంపించేశారట. ఇప్పుడు వెనక్కెళ్లిన సరుకంతా మళ్లీ ఒక్కోటీ చూస్తున్నారు. దాంతో ఆలస్యం."

"బాగుంది! తప్పు మీ దగ్గర పెట్టుకుని ఊరూపేరూ లేనివాడి మీద తోసేస్తున్నారా? వచ్చిన పార్టులు మీకు కావలసినవాళ్లకి బిగించుకుని ఉంటారు!"

సూపర్‌వైజరు మొహం మాడ్చుకుని లోపలికి ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి ఏదో గొణిగాడు. భూతద్దం చెవులు రిక్కించాడు. అద్దం వెనక మెకానిక్ ఒకడు గుడ్డలో ఏదో చుట్టుకుని వెనకగదిలోకి వెళ్లడం కనబడింది.

"అదిగో! దాచేస్తున్నాడు! నా దగ్గర మీ పప్పులుడకవు!"

"దాచడం లేదు సార్, మీకోసమే తెస్తున్నాడు."

రెండు నిమిషాలకు మెకానిక్ ఆ గుడ్డమూటను తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. విప్పితే అగ్గిపెట్టెంత పెట్టె, కమిలిపోయి, ఒక పక్క కరిగిపోయి ఉంది. మసి తప్ప రంగే తెలియడం లేదు.

దాన్ని చూడగానే ఆయన జేబులోంచి భూతద్దం తీసి మీదికి వంగాడు. ఈ బొగ్గుముక్క పక్కనేనా తన పిల్ల కూర్చున్నది!

"దీన్ని పాస్ చేసినవాడికి కళ్లున్నాయా అసలు? వాడి పిల్లల్ని అందులో కూర్చోబెట్టి తాళం వేస్తే తెలిసేది!"

"నిజమే సార్," అన్నాడు సూపర్‌వైజరు, మొదటిసారి మెత్తగా. "పాతది అందినట్టు ఇక్కడ సంతకం పెట్టండి."

"చదవకుండా పెడతాననుకున్నారా?" భూతద్దాన్ని కౌంటరు మీద పెట్టి, కాగితం అందుకుని మొదటి అక్షరం నుంచి చదవసాగాడు.

కూతురు మెల్లిగా కుర్చీ ఎక్కి నిలబడింది. నాన్న భూతద్దం తీసుకుంది. పెట్టెను అటూ ఇటూ తిప్పింది. పగిలిన మూత తీసి, లోపలి అడుగున మసిని బొటనవేలితో రుద్దింది. తర్వాత ముద్ర ఉన్న తన చేతిని దాని పక్కన పెట్టి, ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ చూసింది. పిల్ల మొహం ఒక్కసారిగా విప్పారింది.

"నాన్నా, దీన్ని కూడా నువ్వే పాస్ చేశావా?"