నాటుకోడి బ్యాకప్

అప్పటికి కంప్యూటర్లు పోయి, కొట్లవాళ్లంతా తమ సమాచారాన్ని కోళ్లలో దాచుకునే కాలం వచ్చింది. అనకాపల్లి టైలర్ నూకరాజు కూడా ఊరివాళ్ల కొలతలు దాచడానికి సంతకెళ్లాడు.

“బ్రాయిలరు చవకే గానీ రెణ్ణెల్లకే చచ్చిపోద్ది. నాటుకోళ్లు రెండు పట్టుకెళ్లు. రెండోదాన్లో కాపీ ఉంచు, దాన్ని మాత్రం యేరే ఇంట్లో పెంచు,” అన్నాడు అమ్మేవాడు.

నూకరాజు రెండూ కొన్నాడు గానీ, రెంటినీ తనింట్లోనే ఒకే గంప కింద కమ్మేశాడు.

సరిగ్గా పెళ్లిళ్ల సీజన్లో, కొలతల కోసం కొట్టుకు తెచ్చుకున్న తెల్లకోడిని గద్ద తన్నుకుపోయింది. ‘ఎర్రది ఉందిలే’ అనుకుంటూ అతను ఇంటికి పరుగెత్తేసరికి, గుమ్మంలోనే మసాలా వాసన గుప్పుమంది.

“కొత్తల్లుడొచ్చాడు గదా, కోడిని కోసీసినాను,” అంది భార్య పైడమ్మ.

నూకరాజు తల పట్టుకుని కూలబడ్డాడు. ఎముక చీకుతున్న అల్లుడు యుగంధర్ ఉన్నట్టుండి అందుకున్నాడు. “మావా, ప్రెసిడెంటుగారి నడుం నలభై రెండు. పొట్ట లోపలికి పీల్చి ఇచ్చిన కొలత, ఇంకో రెండంగుళాలు కలపాల.”

నూకరాజు చివాల్న లేచాడు.

“ఒలే పైడీ, అల్లుడు ఇక మనింట్లో ఇల్లరికమే! మిగిలిన కూర వియ్యంకుడింటికి పంపించీ. రెండో కాపీ యేరే ఇంట్లో ఉండాల.”