లాగడం వేరు, ఆపడం వేరు

"పదకొండు వేల పౌండ్లు లాగుతుంది సార్," అన్నాడు సేల్స్‌మన్ గారెట్, ఎర్ర పికప్ ట్రక్కు బానెట్ మీద చెయ్యి వేసి. "మీ క్యాంపర్, ఆ చక్రాల ఇల్లు, ఏడు వేలే కదా. చిటికెన వేలితో లాగేస్తుంది."

చెప్పింది డారెల్‌కి. పక్కనే నిలబడ్డ షానా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. షోరూంలో అడుగు పెట్టినప్పటి నుంచీ అంతే. ఇంజిన్ సంగతులన్నీ డారెల్‌కి చెప్పాడు. ఆమెని మాత్రం "ఎరుపు రంగు నచ్చిందా మేడమ్?" అని అడిగాడు. షానాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

డారెల్ అప్పటికే ట్రక్కులో ఎక్కి కూర్చున్నాడు. తోలు సీటు నిమిరాడు. పైనున్న అద్దం కప్పు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఆ మురిపెం చూస్తుంటే ఆమెకి ఒళ్లు మండిపోతోంది. ఎప్పుడూ ఇంతే ఈ మనిషి. ఏదైనా కాస్త మెరిస్తే చాలు, పడిపోతాడు.

"లాగడం సంగతి ఎవరడిగారు?" అంది షానా. "ఆపడం సంగతి చెప్పు బాబూ."

గారెట్ మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "బ్రేకులకేం మేడమ్, బంగారంలా ఉంటాయి."

"పోయినేడూ ఈయన ఇదే మాట చెప్పాడు."

పోయిన వేసవిలో డారెల్ ఆ క్యాంపర్‌ని ఒక చిన్న ట్రక్కుకి తగిలించి వుల్ఫ్ క్రీక్ కనుమ ఎక్కాడు. వెనక సీట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఎక్కడం బాగానే ఎక్కాడు. దిగేటప్పుడు క్యాంపర్ వెనక నుంచి తోసింది, బ్రేకులు పొగలు కక్కాయి. అదుపు తప్పిన లారీల కోసం రోడ్డు పక్కన కంకర పోసి ఉంచుతారు, అందులోకి దూసుకెళ్లి కూరుకుపోయి ఆగారు. అది దాటితే లోయే. ఇంటికొచ్చాక చిన్నది వారం రోజులు పక్క తడిపింది. ఈ ఏడూ అదే కనుమ, అదే క్యాంపర్, అదే డ్రైవరు.

"అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదుగా," అన్నాడు డారెల్ లోపల్నుంచి.

"నువ్వు మాట్లాడకు."

షానా విసురుగా వెళ్లి డ్రైవరు వైపు తలుపు పూర్తిగా తెరిచింది. తలుపు వారన ఒక చీటీ అంటించి ఉంది. ఆ ట్రక్కు తన వీపు మీద ఎంత బరువు మోయగలదో దాని మీద ఉంటుంది. కొనేవాళ్లెవరూ దాన్ని చూడరు. అమ్మేవాళ్లు చూపించరు.

"చదువు," అంది.

గారెట్ గొంతు సవరించుకున్నాడు. "పదమూడు వందల నలభై."

"క్యాంపర్ మూతి వచ్చి ట్రక్కు తోక మీద కూర్చుంటుందా, అదే తొమ్మిది వందలు. ఈ మహానుభావుడు రెండు వందల ముప్పై. పిల్లలిద్దరూ కలిపి నూట నలభై."

"ఇక మిగిలింది మీరేగా మేడమ్. పిట్టంత ఉన్నారు," అని నవ్వాడు గారెట్.

"నా సంగతి వదిలెయ్. నాలుగో మనిషికి నూట ముప్పై వేసుకో."

ఆడవాళ్లు బరువు చెప్పరనుకుని గారెట్ అలాగే వేసుకున్నాడు. మొత్తం చూసేసరికి అతని నవ్వు ఆగిపోయింది. "పద్నాలుగు వందలు," అన్నాడు చిన్నగా.

"ఇంకా కుక్క ఎక్కలేదు. సైకిళ్లు ఎక్కలేదు. ఈయన బీరు పెట్టె ఎక్కలేదు. తోలు సీట్లూ అద్దం కప్పూ అంటూ నువ్వు తగిలించిన సోకులే సగం బరువు తినేశాయి. ఆ మూలనున్న తెల్లది చూపించు."

తెల్లది పెద్దది. గుడ్డ సీట్లు, వెనక గట్టి స్ప్రింగులు, వాలులో బండిని ఇంజినే పట్టి ఆపే ఏర్పాటు. దాని తలుపు వారన ఉన్న అంకె ఎర్రదానికి రెట్టింపు.

"దాన్ని కాంట్రాక్టర్లు కొనుక్కుంటారు," అన్నాడు డారెల్ మొహం ముడుచుకుని. "దాంట్లో వెళ్తే అందరూ నన్ను ప్లంబర్ అనుకుంటారు."

"బతికున్న ప్లంబర్ అనుకుంటారు."

"ప్రతిదానికీ నీ పర్మిషన్ కావాలా షానా?"

"నీ సరదాలకి అక్కర్లేదు. పిల్లలు ఎక్కేదానికి కావాలి. తెల్లది కొన్నావా, వస్తారు. ఎర్రది కొన్నావా, గడప దాటరు."

ఆమె గొంతు షోరూమంతా వినిపించింది. రెండు బల్లల అవతల కాఫీ తాగుతున్న ముసలాయన తల తిప్పి చూశాడు. చూస్తే చూడనీ అనుకుంది. లోపల ఉన్నదంతా నిజానికి భయమే. కానీ భయపడుతున్నట్టు కనిపిస్తే డారెల్ నవ్వి తోసేస్తాడు. కోప్పడితేనే వింటాడు. ఆయనతో ఇన్నేళ్లు వేగి ఆమె నేర్చుకున్నది ఇదే.

డారెల్ స్టీరింగ్ మీద ఒక్క చరుపు చరిచాడు. తర్వాత దిగి, ఎర్రదాని తలుపు ధడాలున వేశాడు. "సరే. తెల్లదే."

సంతకాలయ్యాయి. గారెట్ తెల్ల ట్రక్కు ముందు భాగానికి పెద్ద ఎర్ర రిబ్బను పువ్వు అంటించి, గోడకి తగిలించే ఫొటో కోసం ఫోను బయటికి తీశాడు. గోడ నిండా అలాంటి ఫొటోలే. కొత్త ట్రక్కులు, వాటి ముందు నవ్వుతున్న జంటలు.

"సార్, కొంచెం ఎడమకి. మేడమ్, మీరు సార్ పక్కకి రండి, భుజం మీద చెయ్యి వెయ్యండి." గారెట్ నిజంగానే మెచ్చుకోలుగా తలాడించాడు. "ఏమన్నా అనండి సార్, పిల్లల కోసం ఇంతగా కొట్లాడే భార్య దొరకడం మీ అదృష్టం."

డారెల్ నేల చూపులు చూశాడు.

షానా తలుపు వైపు నడుస్తూ అంది, "ఉండు బాబూ, ఈయన భార్య బయట కారులో నా పిల్లలకి ఐస్‌క్రీమ్ తినిపిస్తోంది, పిలుచుకొస్తాను."