జనాన్ని మోసే మిషను

"అది మేత లెక్కలు చూసుకునే మిషనండీ. జనాన్ని మొయ్యలేదు," అన్నాడు యశ్వంత్.

"మోస్తుందండీ," అంది మెర్సీ.

అమలాపురంలో రొయ్యల మేత వ్యాపారం చేసే ముత్యాలరాజు గారి ఆఫీసులో కంప్యూటర్ల పని చూసేది వీళ్లిద్దరే. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఈ ఏడు పులసలు కూడా అమ్ముదామనుకున్నారు రాజుగారు. ఎవరైనా ఫోనులోనే చేప బుక్ చేసుకునేలా వెబ్‌సైటు తయారైంది. దానికి హైదరాబాదులో పెద్ద సర్వరు అద్దెకు తీసుకోవాలంటాడు యశ్వంత్. వెనక గదిలో ఉన్న ఆఫీసు సర్వరే చాలంటుంది మెర్సీ. ఉత్తుత్తి రద్దీ పుట్టించి మరీ పరీక్షించింది. మిషను చలించలేదు.

"నీ మాట మీద పెడతన్నానమ్మా," అన్నారు రాజుగారు. "నలుగుర్లో పరువు తియ్యకు."

"ఆయ్, పూచీ నాదండీ."

ఆ ఆఫీసులోనే ఊడ్చి, టీలు కాచి మెర్సీని చదివించింది వాళ్లమ్మ ఎలీసమ్మ. బుకింగు రోజు పొద్దున్నే కూతురు ఆమెను వెనక గది గుమ్మంలో కూర్చోబెట్టింది.

"అమ్మా, ఈవేళ దీన్ని కనిపెట్టుకుని ఉండు. దీనికేమన్నా అయితే నా ఉద్యోగం ఊడిపోద్ది."

"దీనికి బొమ్మేదే? టీవీలాగ ఏమీ అవుపడదేం?"

"బొమ్మ మా బల్లల మీద అవుపడుద్దిలే."

"సర్లే. ఈగని కూడా వాలనివ్వను, ఫో."

సైటు తెరిచారు. ఊళ్లోని టీవీ విలేకరి కూడా వచ్చాడు. బుకింగులు వచ్చిపడుతున్నాయి. కువైట్ నుంచి కూడా. యశ్వంత్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. వాన అందుకుంది. ఉరుముల్లో రాజుగారి మాట వినపడక విలేకరి మైకు ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

అంతలో తెర మీద అంకెలు ఆగిపోయాయి.

ఫోన్లు మోగాయి. "ఏంటండీ, మీ సైటు కూడా ఏట్లో కలిసిందా?"

"కరెంటు పోయిందా?" అన్నారు రాజుగారు.

"ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదండీ," అన్నాడు యశ్వంత్.

మెర్సీ వెనక్కి పరిగెత్తింది. టీ గ్లాసులతో వస్తున్న ఎలీసమ్మ పక్కకు తప్పుకుంది. మెర్సీ తిరిగొచ్చి రాజుగారి ముందు నిలబడింది.

"మన్నించండి సార్. నా అంచనా తప్పింది. జనాన్ని తట్టుకోలేకపోయింది."

"షేర్ ఆటోలో పెళ్లివారందర్నీ ఎక్కిస్తే ఇంతే మరి," అన్నాడు యశ్వంత్. అందరూ నవ్వారు. మెర్సీ వంచిన తల విలేకరి కెమెరాలోకి ఎక్కింది.

కాసేపటికి సైటు లేచింది. సాయంత్రం దాకా నిమ్మళంగా నడిచింది.

"జనం వెళ్లిపోయేక ఎందుకు నడవదూ!" అన్నాడు యశ్వంత్.

రాజుగారు కేకలెయ్యలేదు. అదే భరించలేకపోయింది మెర్సీ. "రేపట్నించి యశ్వంత్ చూసుకుంటాడు. నువ్వు బిల్లులు కొట్టుకో అమ్మా," అన్నారంతే.

"ఆయ్," అంది.

ఎలీసమ్మ ఎవరి మొహమూ చూడకుండా ఖాళీ గ్లాసులు ఏరుకుపోయింది.

ఒకే గొడుగు కింద కాలవ గట్టు మీద ఇంటికి నడిచారు.

"చీపురు పట్టుకున్నా ఆ ఆఫీసులో తలెత్తుకునే తిరిగేనే," అంది తల్లి. "ఈవేళ నీ మూలాన వంచుకున్నాను. తెలీనప్పుడు తెలీదని చెప్పకూడదా?"

"తప్పేనమ్మా."

"నా మట్టుకు నేను నువ్వు చెప్పినట్టే కనిపెట్టుకున్నాను, తొలి ఉరుముకే మనింట్లో టీవీకి పీకినట్టు దాని ప్లగ్గు పీకి, వైరు చుట్ట చుట్టి మరీ పెట్టేను," అంది ఎలీసమ్మ. సైటు ఆగినప్పుడు ఎవరూ చూడకుండా ఆ చుట్ట విప్పి ప్లగ్గును మళ్లీ గోడకు గుచ్చి వచ్చిన మెర్సీ, "నువ్వు బాగానే చూసేవమ్మా," అంటూ గొడుగు తల్లి వైపు వంచింది.