బూటులో తేలు

"కంపెనీలో ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు, మాజీ సైనికుల స్టార్టప్‌లలో డబ్బు పెట్టే ఇన్వెస్టర్.

కొండలమీదికి మందులు చేరవేసే డ్రోన్ల కంపెనీ పెట్టిన రిటైర్డ్ సార్జెంటు ఠక్కున లేచి నిలబడ్డాడు. "ఏమీ లేవు సార్."

"మరి మా డబ్బెందుకండీ?"

సార్జెంటు కూర్చున్నాడు. పక్కనున్న భార్య అందుకుంది.

"సైన్యంలో తనిఖీకొచ్చిన పెద్దాఫీసరు అడిగితే వీళ్ళంతా ఇంతేనండి. బూటులో తేలు కుడుతున్నా ఏమీ లేదనే అంటారు. చలికి మా బ్యాటరీలు కొండెక్కుతున్నాయి, డ్రోన్లే ఎక్కడం లేదు."

ఇన్వెస్టర్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "డబ్బు పెడతాను. కానీ ఇకమీదట కంపెనీకి బాస్ మేడమ్. మీకేమైనా ఇబ్బందా?"

సార్జెంటు మళ్ళీ లేచాడు. "ఏమీ లే..." దాకా వచ్చి ఆగాడు. భార్య అతని బూట్లవంక చూస్తోంది.

"కుడుతోంది సార్," అన్నాడు కూర్చుంటూ. "అయినా డబ్బు కావాలి."