అమ్మ అడిగిన ప్రశ్న

దోమల మీద కెజియా రాసిన సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో, స్ఫూర్తినిచ్చినవారి చోట ఉన్న వాళ్లమ్మ దీనమ్మ పేరును విశ్వవిద్యాలయం యంత్రం కొట్టేసింది. చిన్నప్పుడు కెజియాకు తెర మీద పాఠాలు చెప్పిన యంత్రం, తెరమాస్టారు పేరు పెట్టింది.

"అది పదివేల గంటలు చెప్పిందమ్మా, రికార్డుంది. మీ అమ్మగారిదేముంది?" అన్నాడు, అడగడానికొచ్చిన కెజియాతో విశ్వవిద్యాలయం గుమాస్తా.

"మా అమ్మ మురుగుకాలవల్లో దోమల మందు కొట్టేది. ఓరోజు సీసాలో దోమపిల్లల్ని పట్టుకొచ్చి, ఇంత మందు కొట్టినా ఇవెందుకు చావట్లేదే అనడిగింది. మీ తెరమాస్టార్నే అడిగాను. సిలబస్‌లో లేదు, నోర్మూసుకోమంది."

కెజియా గ్రంథాన్ని అతని బల్ల మీద పడేసింది.

"ఇప్పుడు మీ తెరమాస్టారుకి ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే ఇదే చదవాలి. మా అమ్మ పేరు దగ్గర్నుంచి చదవమనండి."