చాలని జీతం

“కుదరదమ్మా. ఇంక ఒక్క అంకె కూడా పెంచను” అన్నాడు జీతాల గుమాస్తా, ఫైలు మీద చెయ్యి వేసుకుని.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. రాత్రి డ్యూటీ దిగి, నర్సు బట్టలైనా మార్చుకోకుండా, తిన్నగా భర్త పనిచేసే సంస్థకు వచ్చింది. కాళ్లు లాగేస్తున్నాయి. ఇవాళ భర్త తనిఖీ పని మీద ఊరవతలి ఫ్యాక్టరీకి వెళ్తాడని తెలిసే ఈ రోజు ఎంచుకుంది.

“అద్దె కొంచెం ఎక్కువ చూపించండి బాబాయిగారూ. ఉండేది ఇద్దరమే అయినా మూడు పడగ్గదుల ఇల్లు కావాలని రాయండి. ఎవరడుగుతారు?”

“మూడు పడగ్గదులని ముందే రాసుంది.”

“పోనీ, పన్ను?”

“పన్ను నా చేతిలో ఉంటే ముందు నాది తగ్గించుకునేవాణ్ణి కాదూ?”

ఆమెకు నవ్వు రాలేదు. ఈ మనిషి రాసే పత్రం మీదే ఆమె బతుకంతా వేలాడుతోంది. పరాయి దేశానికి బదిలీ అయితే అక్కడి జీతం ముందే ఖాయం, ఎంత మొత్తుకున్నా పైసా పెరగదు. అక్కడి పన్నూ, అద్దే, తిండీ, మందులూ పోను మిగిలేది ఇక్కడి కన్నా తక్కువని పత్రం తేలిస్తే మాత్రం సంస్థే బదిలీ రద్దు చేస్తుంది. మొగుడూ పెళ్లాల్లో ఎవరూ నోరు విప్పి కాదనక్కర్లేదు. ఆమెకు కావలసింది అదే.

“అంత చలి దేశం కదా, హీటరు ఖర్చయినా పెంచండి.”

“పన్నెండు నెలలకీ వేశాను. పదమూడో నెల ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?” గుమాస్తా నిట్టూర్చాడు. “ఇంతకీ వెళ్లడానికి మీకేం కష్టమమ్మా?”

“ఇరవై రెండేళ్ల సర్వీసండీ. డయాలసిస్ వార్డు మొత్తం నా చేతి మీద నడుస్తోంది. నా చదువు అక్కడ చెల్లదట. ఈ వయసులో మళ్లీ మొదట్నుంచీ పరీక్షలు రాయాలట. అప్పటిదాకా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి.”

“ఆ ముక్క ఆయనతోనే చెప్పొచ్చుగా?”

“ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆరేళ్ల కిందట నా ప్రమోషన్ కోసం ఆయన ఇలాంటి అవకాశమే వదులుకున్నారు. పల్లెత్తు మాటనలేదు. అందుకే ఈసారి ఉత్తర్వు రాగానే నేనే ముందు ఎగిరి గంతేశాను. అప్పట్నుంచీ పొద్దున్నే ఆ భాష పాఠాలు పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నారు. పెట్టెలు కొనుక్కొచ్చారు. ‘నీకు సంతోషమేగా?’ అని రోజూ అడుగుతారు. ఆ సంబరం మీద నీళ్లెలా చల్లను?”

మూడు నెలలుగా భర్తతో సమానంగా ఉత్సాహపడి ఉత్సాహపడి ఆమె డస్సిపోయింది. వార్డులో పన్నెండు గంటలు నిలబడ్డం కన్నా ఇంట్లో పది నిమిషాలు నవ్వుతూ కూర్చోవడం కష్టమైపోయింది. మొదటి రోజే నిజం చెప్పి ఉంటే పోయేది. ఇప్పుడు మింగాలేదు, కక్కాలేదు.

“ఒక్క అయిదు శాతం, బాబాయిగారూ...” అంది. కొంగులేని బట్టలు కదా, చేతి వెనకతో కళ్లు తుడుచుకుంది.

గుమాస్తా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకరు వచ్చి అడిగిన సంగతి ఇంకొకరికి, కట్టుకున్న భార్యకైనా సరే, చెప్పకూడదని నియమం. ముప్ఫై ఏళ్లలో అతను దాన్ని ఒక్కసారీ తప్పలేదు. లేచి వెళ్లి గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“ఇంటికెళ్లి హాయిగా పడుకోండమ్మా. ఈ బదిలీ జరగదు.”

ఆమె అయోమయంగా చూసింది. “మరి పెంచనన్నారుగా?”

“ఇంక పెంచితే పైవాళ్లు నమ్మరు” అన్నాడతను గొంతు తగ్గించి.

“నిన్న మీ ఆయనా ఇదే అడిగి వెళ్లారు.”